కాగితాన్ని తాకని కలం – లార్డ్ కెల్విన్ జీవిత చరిత్ర

ఈసారి శాస్త్రవేత్త జీవితం రాసే వంతు నాకు వచ్చింది. న్యూటన్, ఐన్‌స్టీన్, సి.వి. రామన్ గురించి అందరూ రాస్తారు. అందుకని నేను లార్డ్ కెల్విన్‌ను తీసుకున్నాను. ఈయన పేరు మనకు కొత్తేమీ కాదు. ఉష్ణోగ్రత లెక్కల్లో సెల్సియస్‌కు 273 కలిపి పక్కన కె అని రాస్తాం కదా, ఆ కె ఈయనే. మార్కుల కోసం రోజూ ఆయన పేరు రాస్తున్నాం గానీ ఆయన ఎవరో మనకు తెల్వదు.

ఇంకో సంగతి కూడా ఉంది. బిస్కెట్ ప్యాకెట్ మీద చుక్కలు చుక్కలుగా ఉండే తేదీ, నెట్ సెంటర్‌లో తీసే కలర్ ప్రింటు, నిజామాబాద్ చౌరస్తాల్లో కట్టే బతుకమ్మ ఫ్లెక్సీ, వీటన్నిటికీ ముత్తాత లాంటి యంత్రం ఒకటుంది. దాన్ని 1867లో ఈయనే కనిపెట్టారు. ఈ ముచ్చట మన పుస్తకంలో లేదు. అందుకే రాస్తున్నా.

ఆయన అసలు పేరు విలియం థామ్సన్. 1824 జూన్ 26న ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ పట్టణంలో పుట్టారు. తండ్రి జేమ్స్ థామ్సన్ రైతు కొడుకు. చిన్నప్పుడు చాలా వరకు తనంతట తానే లెక్కలు నేర్చుకొని, తర్వాత లెక్కల పంతులు అయ్యారు. అంటే చదువు ఆ ఇంట్లో కూడా ఒక తరం ముందే మొదలైంది. విలియంకు ఆరేండ్లప్పుడు తల్లి చనిపోయింది. పిల్లలందరినీ తండ్రే సాకారు, తండ్రే చదువు చెప్పారు. 1832లో తండ్రికి స్కాట్లండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వచ్చింది. అందరూ అక్కడికి పోయారు. విలియం పదేండ్లకే ఆ విశ్వవిద్యాలయంలో చేరారు! మనం అయిదో తరగతి చదివే వయసు అది. అప్పట్లో అక్కడ చిన్న పిల్లలను కూడా చేర్చుకునేవారట. అయినా పదేండ్లంటే పదేండ్లే.

1841లో కేంబ్రిడ్జికి పోయి చదివారు. అక్కడ పడవ పందేల్లో కూడా పాల్గొన్నారు. 1845లో లెక్కల పరీక్షలో రెండో ర్యాంకు వచ్చింది. మొదటి ర్యాంకు ఎవరికి వచ్చిందో ఇప్పుడు చాలామందికి గుర్తు లేదు, అది వేరే సంగతి. తర్వాత కొన్నాళ్లు ప్యారిస్‌లో ఒక ప్రయోగశాలలో పనిచేశారు. 1846లో, 22 ఏండ్ల వయసులో, గ్లాస్గోలో ప్రొఫెసర్ అయ్యారు. అదే కుర్చీలో 53 ఏండ్లు, 1899 దాకా ఉన్నారు. విద్యార్థులు తమ చేతులతో ప్రయోగాలు చేయాలని ఆయన పట్టుబట్టారు. ప్రయోగశాలకు గది లేకపోతే, వాడకుండా వదిలేసిన ఒక పాత సారాయి గోదామును అడిగి తీసుకొని అందులో పెట్టారు. మన ల్యాబ్ గది తాళం గురించి నేనిక్కడ ఏమీ రాయను.

1848లో ఆయన కొత్త ఉష్ణోగ్రత కొలత చెప్పారు. వేడికి పై హద్దు మనకు తెల్వదు గానీ చల్లదనానికి ఒక అడుగు ఉంది. అది మైనస్ 273.15 డిగ్రీల సెల్సియస్. అంతకన్నా చల్లగా ఏదీ కాలేదు. అక్కడి నుంచి సున్నా మొదలుపెట్టి కొలిస్తే అదే కెల్విన్ కొలత. ఇది మన సిలబస్‌లో ఉన్నదే కాబట్టి ముందుకు పోతున్నా.

అసలు కథ సముద్రం కాడ మొదలైంది. అప్పుడు టెలిగ్రాఫు కొత్తగా వచ్చింది. తీగలో కరెంటు పంపుతూ ఆపుతూ ఉంటే అవతల చుక్క, గీత అని గుర్తులు అందుతాయి. ఆ గుర్తులతో అక్షరాలు రాసుకుంటారు. నేల మీద బాగానే నడిచింది. అయితే ఐర్లండ్ నుంచి అమెరికా దిక్కు, అట్లాంటిక్ సముద్రం అడుగున మూడు వేల కిలోమీటర్లకు పైగా తీగ వేయాలని పెద్ద వ్యాపారులు అనుకున్నారు. అంత పొడుగు తీగలో గుర్తులు ఎట్లా పోతాయో థామ్సన్ 1854లోనే లెక్క వేశారు. తీగ పొడుగు రెండింతలైతే ఆలస్యం నాలుగింతలు అవుతుందని ఆయన లెక్కలో తేలింది.

ఇది అర్థం కావాలంటే నిజాంసాగర్ కాలువను గుర్తు చేసుకోండి. తూము ఎత్తగానే చివరి మడికి నీళ్లు రావు. ముందు కాలువ తాను తాగుతుంది, నిండుతుంది, ఆ తర్వాత కిందికి పోతుంది. చివరి పొలం కాడికి వచ్చేసరికి ధార కాదు, సన్నగా పాకుతూ వస్తుంది. తూము మూసినా కొంతసేపు కారుతూనే ఉంటుంది. సముద్రం తీగ కూడా అంతే. ఇవతల టక్కున కొట్టిన గుర్తు అవతల మెల్లగా లేచి మెల్లగా పడిపోతుంది. తొందరపడి రెండోది కొడితే రెండూ కలిసిపోతాయి. కాబట్టి చిన్న కరెంటు పంపాలి, అవతల చాలా సున్నితమైన యంత్రం ఉండాలి అని థామ్సన్ అభిప్రాయం.

కంపెనీలో కరెంటు పని చూసే వైట్‌హౌస్ అనే ఆయన దీన్ని ఒప్పుకోలేదు. ఆయన చదివింది వైద్యం. 1858 ఆగస్టులో తీగ పూర్తయింది. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం పోవడానికి 16 గంటలు పట్టింది. వైట్‌హౌస్ గట్టిగా తోస్తే పోతుందనుకొని దాదాపు రెండు వేల వోల్టులు పెట్టారు. కొన్ని వారాల్లోనే తీగ చచ్చిపోయింది. అంత డబ్బూ, అంత కష్టమూ సముద్రం పాలు. నాకు ఈ భాగం చదివినప్పుడు చాలా కోపం వచ్చింది. లెక్క తెలిసినోడు పక్కనే ఉన్నా ఆయన మాట ఎవరూ వినలేదు.

థామ్సన్ మాత్రం వదల్లేదు. 1860 చలికాలంలో మంచు మీద ఆడే కర్లింగ్ ఆటలో జారిపడి ఆయన తొడ ఎముక విరిగింది. అప్పటి నుంచి జీవితాంతం కుంటుతూనే నడిచారు. ఆ కాలితోనే 1865లో గ్రేట్ ఈస్టర్న్ అనే మహా పెద్ద ఓడ ఎక్కి తీగ వేయడానికి పోయారు. నడి సముద్రంలో తీగ తెగింది. 1866లో మళ్లీ పోయారు. ఈసారి గెలిచారు. తెగిన పాత తీగను కూడా సముద్రం అడుగు నుంచి పైకి తీసి అతికి పూర్తి చేశారు. ఆ సంవత్సరమే రాణి ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది.

ఇగ గుర్తులను పట్టుకునే యంత్రం సంగతి. మొదట ఆయన చేసింది అద్దం యంత్రం. సన్నని పోగుకు చిటికెడంత అద్దం వేలాడదీశారు, దాని వెనక చిన్న అయస్కాంతాలు అతికించారు. చుట్టూ తీగ చుట్ట. కొద్దిపాటి కరెంటు వచ్చినా అద్దం కదులుతుంది. దీపం వెలుగు అద్దం మీద పడి ఎదుటి స్కేలు మీద ఒక చుక్కలా కనబడుతుంది. ఆ వెలుగు చుక్క ఎడమకు పోతే ఒక గుర్తు, కుడికి పోతే ఇంకో గుర్తు. చీకటి గదిలో ఒక మనిషి రెప్పవేయకుండా చూస్తూ చెప్పాలి, ఇంకో మనిషి రాయాలి. పని బాగానే జరిగేది. కానీ చూసేవాడు తుమ్మితే గుర్తు పోయినట్టే. వాడు తప్పు చెప్పాడా, తీగలోనే తప్పు వచ్చిందా అని తర్వాత అడిగితే జవాబు లేదు. వెలుగు గోడ మీద గీత మిగల్చదు కదా.

మా తాత ఒకప్పుడు చెరుకు కొట్టడానికి బోధన్ దిక్కు పోయేటోడు. మాది నాయకపోడు ఇల్లు, మా తాతకు చదువు రాదు, వేలిముద్రే. బండి తూకమైన తర్వాత ఇచ్చే చీటీలను ఆయన ఒక్కటి కూడా పారేయలేదు. ఇప్పటికీ ఇంట్లో సందుగలో ఉన్నాయి. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డది, తాత కూడా ఇప్పుడు లేడు, చీటీలు మాత్రం ఉన్నాయి. చదవడం రాని మనిషి కాగితాన్ని అంత భద్రంగా ఎందుకు దాచాడో నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు. థామ్సన్ అద్దం యంత్రంతో ఎందుకు తృప్తి పడలేదో చదివిన తర్వాత అర్థమైంది. ఆయనకు కూడా కాగితం మీద గీత కావాలి. రేపు ఎవరన్నా అడిగితే చూపించాలి.

అయితే కలం పెడితే చిక్కు ఉంది. సముద్రం దాటి వచ్చే కరెంటు ఎంత బలహీనమంటే, కలం కాగితాన్ని రాసుకుంటేనే దాని బలం అయిపోతుంది, కలం కదలదు. కాబట్టి కాగితాన్ని తాకకుండా రాయాలి. తాకకుండా ఎట్లా రాస్తారు?

థామ్సన్ 1867లో దీనికి పేటెంట్ తీసుకున్నారు. యంత్రం పేరు సైఫన్ రికార్డరు. వెంట్రుక లాంటి సన్నని గాజు గొట్టం. దాని ఒక కొస సిరా గిన్నెలో మునిగి ఉంటుంది, రెండో కొస కదిలే కాగితం పట్టీ పైన, తాకీ తాకనట్టు నిలబడి ఉంటుంది. డ్రమ్ములో నుంచి పైపుతో డీజిల్ దించడం చూశారు కదా, సైఫన్ అంటే అదే. కానీ ఇంత సన్నని గొట్టంలో సిరా దానంతట అది కారదు, కొసకు వచ్చి ఆగిపోతుంది. అప్పుడు ఆయన సిరాకు స్థిర విద్యుత్తు ఇచ్చారు. విద్యుత్తు ఎక్కిన సిరా కాగితం వైపు లాగబడి, సన్నని తుంపర చుక్కలుగా ఎగిరి కాగితం మీద పడింది. గొట్టాన్ని ఒక తీగ చుట్టకు కట్టారు. ఆ చుట్ట బలమైన అయస్కాంతం మధ్యలో వేలాడుతుంది. గుర్తు వచ్చినప్పుడు చుట్ట ఒక పక్కకు తిరుగుతుంది, గొట్టం కూడా తిరుగుతుంది, పట్టీ మీద అలలాంటి గీత పడుతుంది. పైకి లేచిన అల ఒక గుర్తు, కిందికి పోయిన అల ఇంకో గుర్తు. పక్కన నేను వేసిన బొమ్మ చూడండి. గొట్టం కొంచెం లావుగా వచ్చింది, అసలు యంత్రంలో ఇంకా సన్నగా ఉంటుంది.

సిరాను గాలిలో ఎగరేసి రాసిన యంత్రాల్లో అందరూ మొదట చెప్పుకునేది దీన్నే. 1870లో బొంబాయికి కూడా లండన్ నుంచి సముద్రం తీగల దారి కలిసింది. దూరపు సముద్రం తీగల మీద ఈ రికార్డరు చాలా దశాబ్దాలు పనిచేసింది. తేమ ఎక్కువ ఉన్న రోజుల్లో సిరాకు ఎక్కించిన విద్యుత్తు గాలిలోకి జారిపోయి సతాయించేది. అందుకని తర్వాత వచ్చినోళ్లు గొట్టాన్ని సన్నగా వణికించి చుక్కలు రాల్చారు. మన దేశంలో టెలిగ్రామ్ సేవ 2013 జులైలో ఆగిపోయింది. మనలో ఎవరూ టెలిగ్రామ్ అందుకోలేదు.

కానీ ఆ ఎగిరే సిరా చుక్క ఆగలేదు. ఇది నమ్మాలంటే ఆదివారం బట్టలు ఉతికే కాడ రెండు ప్రయోగాలు చేయండి. నల్లాను చాలా సన్నగా విప్పండి. ధార పైన గాజు కడ్డీలా ఉంటుంది, కిందికి పోయాక చుక్కలుగా తెగుతుంది. ఎందుకు తెగుతుందో రేలీ అనే శాస్త్రవేత్త 1870ల చివరలో లెక్క కట్టి చెప్పారు. రెండోది, పొడి తలవెంట్రుకలను ప్లాస్టిక్ దువ్వెనతో బాగా దువ్వి, ఆ దువ్వెనను ధార పక్కన పెట్టండి. ధార దువ్వెన వైపు వంగుతుంది. తాకొద్దు, తడిస్తే ఏమీ జరగదు. వానాకాలంలో కూడా సరిగా రాదు, కారణం పైనే చెప్పిన. నూనె పెట్టిన తల కూడా పనికిరాదు, కాబట్టి మన హాస్టల్లో శనివారం తలస్నానం అయ్యాకనే వీలు.

ఈ రెండింటినీ కలిపితే బిస్కెట్ ప్యాకెట్ మీద తేదీ వేసే మిషన్ తయారైంది. 1960లలో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్వీట్ అనే ఆయన దీన్ని చేశారు. సన్నని రంధ్రం నుంచి సిరా ధారగా వస్తుంది. దాన్ని వణికిస్తే సమానమైన చుక్కలుగా తెగుతుంది, సెకనుకు వేల వేల చుక్కలు. ఒక్కొక్క చుక్కకు ఎంత విద్యుత్తు ఇవ్వాలో మిషన్ చూసుకుంటుంది. తర్వాత చుక్కలు రెండు లోహపు పలకల మధ్య నుంచి పోతాయి. ఎక్కువ విద్యుత్తు ఉన్న చుక్క ఎక్కువ వంగుతుంది, తక్కువ ఉన్నది తక్కువ వంగుతుంది. విద్యుత్తు లేని చుక్క నేరుగా ఒక గొట్టంలో పడి మళ్లీ సిరా డబ్బాకే పోతుంది, వృథా కాదు. కింద ప్యాకెట్లు పరుగెత్తుతుంటే పైనుంచి చుక్కల ముగ్గు పడుతుంది. ముగ్గులో చుక్కలు లెక్కపెట్టినట్టు ఒక అంకెలో చుక్కలు లెక్కపెట్టొచ్చు, ఏడు వరుసలు ఉంటాయి చాలా వాటిలో. తాకదు కాబట్టి గుడ్డు మీద కూడా వేయొచ్చు. థామ్సన్ కూడా అదే 1867లో, రాలే నీటి చుక్కలకు విద్యుత్తు ఎక్కించి నిప్పురవ్వలు తెప్పించే ఒక పరికరం చేశారు. రెండూ ఒక్క తలకాయలో ఒక్క ఏడే పుట్టాయి.

మా అవ్వకు అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. దసరా సెలవుల్లో పోయినప్పుడు మందు సీసాల మీద ఆ చుక్కల తేదీ ఎక్కడ ఉంటుందో, తయారైన తేదీ ఏది, గడువు తేదీ ఏది అని చూపించిన. ఇప్పుడు మా వాడలో తేదీ చూసేది అవ్వనే.

నెట్ సెంటర్‌లో ఉండే కలర్ ప్రింటర్ వేరే తీరు. దాంట్లో ధార ఉండదు, కావాల్సినప్పుడే చుక్క వస్తుంది. 1977లో జపాన్‌లో కానన్ కంపెనీ ఇంజినీరు ఇచిరో ఎండో పనిచేస్తుంటే, కాలిన సోల్డరింగ్ ఐరన్ సిరా ఉన్న సిరంజి సూదికి తగిలి చుక్క చిమ్మిందట. అమెరికాలో హ్యూలెట్ ప్యాకార్డ్ వాళ్లు కూడా ఇంచుమించు అప్పుడే వేరేగా కనుక్కున్నారు. గటక ఉడికేటప్పుడు బుడగ పగిలి చెయ్యి మీద చుక్క పడుతుంది కదా, అదే పని. ప్రింటర్ తలలో సన్నని రంధ్రాల వెనక చిన్న చిన్న హీటర్లు ఉంటాయి. అవి రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో వేడెక్కి సిరాలో ఆవిరి బుడగ లేపుతాయి, బుడగ చుక్కను బయటికి తోస్తుంది. ఎప్సన్ వాళ్ల ప్రింటర్లలో హీటర్ బదులు, కరెంటు ఇస్తే వంగే స్ఫటికం సిరాను తోస్తుంది. చుక్క ఎంత చిన్నదంటే, నాలుగు పికోలీటర్ల చుక్కలైతే ఒక మిల్లీలీటరు సిరాలో 25 కోట్లు వస్తాయి. రంగులు నాలుగే, నీలం, గులాబీ, పసుపు, నలుపు. మిగతా రంగులన్నీ మన కన్ను కలుపుకుంటుంది.

ఇక్కడ అందరికీ పనికొచ్చే మాట ఒకటి చెప్పాలి. నా సీటుకు కాగితాలు పట్టుకొని బాపు, నేను బోధన్ నుంచి నిజామాబాద్ బస్సులో వచ్చినం. దిగంగనే వాన. కవరు చిరిగి కులం సర్టిఫికెట్ తడిసింది. అది ఒక దుకాణంలో తీసిన కలర్ ప్రింటు. నీలం, ఎరుపు కలిసి పారి, నంబరు కనబడలేదు. సాయంత్రం లోపల చదవొచ్చే కాపీ తెస్తేనే సీటు అన్నారు. బాపు తడిసిన కాగితాన్ని రెండు చేతులతో పట్టుకొని నిలబడ్డది నాకు ఇంకా కండ్లల్లో ఉంది. ఆయనకు అందులో ఏం రాసి ఉన్నదో తెల్వదు, పోయిందని మాత్రం తెల్సు. ఉరుకుతూ పోయి ఇంకో దుకాణంలో మళ్లీ తీయించి, మూసే ముందర ఇచ్చినం. సీటు దక్కింది.

ఎందుకు పారిందంటే, చాలా ఇంక్‌జెట్ ప్రింటర్ల రంగు సిరాలో నీళ్లలో కరిగే రంగు ఉంటుంది. కొన్నిటిలో కరగని పొడి రంగు వాడతారు, అది కొంత నయం. జిరాక్సు, లేజరు ప్రింటులో సిరా ఉండదు, ప్లాస్టిక్ పొడిని వేడితో కాగితానికి అతికిస్తారు, తడిసినా పారదు. ఫ్లెక్సీల సిరా నీళ్లది కాదు, అందుకే బతుకమ్మ బ్యానరు వానలో కూడా నిలుస్తుంది. కాబట్టి సర్టిఫికెట్ల కాపీలు జిరాక్సు గానీ లేజరు గానీ తీయించండి.

మళ్లీ థామ్సన్ దగ్గరికి. పేటెంట్లతో ఆయనకు చాలా డబ్బు వచ్చింది. 1870లో మొదటి భార్య మార్గరెట్ చనిపోయింది. ఆ సంవత్సరమే లల్లా రూఖ్ అనే పడవ కొనుక్కొని సముద్రం మీద తిరిగారు. 1874లో ఫ్రాన్సెస్ బ్లాండీని పెళ్లి చేసుకున్నారు. ఓడల దిక్సూచిని బాగుచేశారు, సముద్రం లోతు కొలిచే పరికరం చేశారు.

ఆయన అన్నీ సరిగ్గా చెప్పలేదు. భూమి చల్లబడే లెక్కతో 1862లో భూమి వయసు రెండు కోట్ల నుంచి నలభై కోట్ల ఏండ్ల మధ్య అన్నారు. ముసలితనంలో ఇంకా తగ్గించారు. ఇప్పుడు తెలిసింది దాదాపు 454 కోట్ల ఏండ్లు. భూమి లోపలి పదార్థం మెల్లగా కదులుతూ వేడిని పైకి తెస్తుందని ఆయన లెక్కలో లేదు. వైట్‌హౌస్ ఆయన మాట విననట్టే, ఈయన కూడా రాళ్లు చదివినోళ్ల మాట వినలేదు.

1892లో ఆయనకు లార్డ్ పదవి వచ్చింది. కొత్త పేరు పెట్టుకోవాలి. గ్లాస్గో విశ్వవిద్యాలయం పక్క నుంచి పారే చిన్న నది పేరు కెల్విన్. అదే పెట్టుకున్నారు. అంటే మనం లెక్కల్లో రాసే కె ఒక వాగు పేరు. 1899లో ఉద్యోగం వదిలిన తర్వాత, 75 ఏండ్ల వయసులో అదే విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా పేరు రాయించుకున్నారు. 1907 డిసెంబరు 17న లార్గ్స్ దగ్గర తన ఇంట్లో చనిపోయారు. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో న్యూటన్ సమాధి దగ్గర పాతిపెట్టారు. పిల్లలు లేరు కాబట్టి లార్డ్ కెల్విన్ అనే పదవి ఆయనతోనే ఆగిపోయింది.

– తొమ్మిదవ తరగతి